ఇంట్లో జామ్ కుకీలు చేసుకునే పద్ధతి

జామ్ కుకీలు చేసేటప్పుడు సాధారణంగా రెండు చోట్ల దెబ్బతింటాం: ఓవెన్‌లో పెట్టిన కాసేపటికి అవి చదునుగా పరుచుకుపోతాయి, లేదా జామ్ పొంగి ట్రే మీదకు కారి మాడిపోతుంది. మొదటిదానికి కారణం మెత్తబడిన వెన్న, రెండోదానికి కారణం జామ్‌లో మిగిలిన నీరు.

స్వీడన్‌లో వీటిని ‘హల్లోన్‌గ్రొట్టా’, అంటే రాస్ప్‌బెర్రీ గుహ, అని పిలుస్తారు. అక్కడి పాత పద్ధతిలోనూ గుడ్డు వేయరు కాబట్టి, గుడ్డు తినని ఇళ్లలో దానికి బదులు ఏం వేయాలా అని వెతుక్కోనక్కర్లేదు.

ఇరవై కుకీలకు 150 గ్రాముల మైదా, 100 గ్రాముల వెన్న, 50 గ్రాముల పంచదార పొడి, అర టీస్పూను వెనిల్లా ఎసెన్సు, సుమారు 80 గ్రాముల జామ్ సరిపోతాయి. ఉప్పు కలిపిన బటర్ వాడితే పిండిలో మళ్ళీ ఉప్పు వేయకూడదు. ఇంట్లో చిలికిన వెన్నలో నీటి శాతం ఎక్కువ కనుక పిండి జిగటగా మారి, కుకీలకు గుల్లదనం రాదు. ఈ ఒక్క పనికి మాత్రం కొన్న బటరే మేలని నా అభిప్రాయం.

వెన్నను వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉన్నప్పుడే పంచదార పొడితో రెండు నిమిషాలు గిలకొట్టి, ఎసెన్సు వేసి, జల్లించిన మైదాను కలిపి ముద్ద చేయాలి. చపాతీ పిండిలా పిసికితే కుకీలు గట్టిపడతాయి. ముద్దను ఇరవై ఉండలుగా చేసి, ట్రేలో ఎడంగా పేర్చి, ఒక్కొక్కదాని నడుమ బొటనవేలితో అడుగు తెగకుండా గుంట చేయాలి. అంచు పగిలితే అక్కడే వేలితో అదిమి అతికించాలి, ఎందుకంటే చిన్న పగులు చాలు, కాగిన జామ్ దాని గుండానే బయటికి వస్తుంది. గుంటలు చేశాకే ట్రేను అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. ముద్దగా ఉన్నప్పుడే చల్లబరిస్తే గట్టిపడి, నొక్కగానే అంచులన్నీ బీటలు వారతాయి. మన ఎండాకాలంలో ముప్పావుగంట ఉంచడం మంచిది.

ఈలోగా జామ్‌ను చిన్న గిన్నెలో సన్నని సెగ మీద రెండు మూడు నిమిషాలు తిప్పుతూ వేడిచేయాలి. చల్లని పళ్ళెం మీద ఒక చుక్క వేసి, నడుమ వేలితో గీత గీస్తే, రెండు వైపులా వెంటనే కలిసిపోకుండా నిలవాలి. అరిసెలకు పాకం చూసే చేతికి ఇది కష్టమేమీ కాదు. అంతకు మించి ముదిరితే కాలిన తర్వాత జామ్ పళ్ళకు అంటుకునేంత గట్టిపడుతుంది. గోరువెచ్చగా అయ్యాక అర టీస్పూను చొప్పున, అంచుకు కాస్త దిగువగానే నింపాలి.

ఓవెన్‌ను ముందుగా 170 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, ట్రేను మధ్య అరలో ఉంచి 14 నుంచి 16 నిమిషాలు కాల్చాలి. పైభాగం తెల్లగానే ఉండి, అడుగు అంచులు లేత బంగారు రంగుకు వస్తే చాలు. బయటికి తీసినప్పుడు మెత్తగా ఉన్నాయని మళ్ళీ లోపల పెట్టకూడదు. ట్రేలోనే పది నిమిషాలు వదిలేస్తే అవే గట్టిపడతాయి.

పూర్తిగా చల్లారాక, గాలి చొరని డబ్బాలో ఒకే వరుసగా పేర్చుకోవాలి. జామ్ తేమకు మూడు నాలుగు రోజుల్లో అవి మెత్తబడతాయి కనుక, ఊరికి పంపేవైతే గుంటలు ఖాళీగా ఉంచి కాల్చి, చిక్కబరిచిన జామ్‌ను వేరే సీసాలో ఇచ్చి, తినే రోజున నింపుకోమని చెప్పండి.