చైనా తేనీరు, నాలుగో పాఠం: కాగిన నీళ్లు, మరిగిన నీళ్లు

మూడో పాఠంలో లోంగ్‌జింగ్ ఆకుతో పచ్చ తేనీరు చేయమన్నప్పుడు నీళ్ల గురించి నేను రాసింది ఒకే ఒక్క వాక్యం: నీళ్లు కాగితే చాలు, మరగకూడదు. అది సరిపోతుందనుకోవడం నా పొరపాటు. చేసి చూసినవారిలో చాలామంది, తేనీరు కాకరకాయ రసంలా చేదుగా వచ్చిందనీ నాలుక మీద వగరు ఎంతసేపటికీ వదలలేదనీ రాశారు. ఒకరు ఆ చేదు విరగడానికి పాలు పోశారు. మరొకరు "తేనీరు" అన్న మాటలోనే తేనె ఉంది కదా అని రెండు చెంచాల తేనె కలిపారు. ఆ "తే"కు తేనెతో చుట్టరికం లేదు. ఫూజియాన్ తీరంలోని మిన్ భాషలో ఈ ఆకును "తే" అంటారు. డచ్చి వర్తకుల ఓడలెక్కి ఐరోపా చేరిన ఆ మాటే మనకు టీగా, తేయాకుగా వచ్చింది. భూమార్గంలో పర్షియా మీదుగా నడిచివచ్చిన "ఛా" మనకు చాయ్ అయింది.

ఈ వారం, సగం పులిసిన ఆకైన ఊలాంగ్ మొదలుపెడదామనుకున్నాను. దానిని వాయిదా వేసి, ఈ పాఠమంతా నీళ్లకే కేటాయిస్తున్నాను. గైవాన్‌ను, అంటే మూత ఉన్న తేనీటి గిన్నెను, ఎలా పట్టుకోవాలో, ఆకు ఎంత వేయాలో మళ్లీ చెప్పను. అవి చేత్తో చేస్తూ పోతే వచ్చేవే.

ముందు మన నాలుకకు తెలిసిన ఒక తేడాను గుర్తుచేసుకుందాం. నూనె కాగుతుంది, కాని మరగదు. స్నానానికి నీళ్లు కాగుతాయి. అవి మరిగితే ఎవరూ స్నానం చేయలేరు. అన్నానికి ఎసరు మరగాలి, కాగితే చాలదు. కాగిన ఎసట్లో బియ్యం పోస్తే ఏమవుతుందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. వంటింట్లో ఇంత స్పష్టంగా వాడే ఈ రెండు క్రియలనూ టీ దగ్గరకు వచ్చేసరికి మనం ఒకటి చేసేస్తాము. అందుకు కారణం మన టీ పొడి. బజారులో దొరికే పొడిలో అధికభాగం సీటీసీ పద్ధతిలో, అంటే ఆకును యంత్రంలో నలిపి, చించి, ఉండలు చుట్టి తయారుచేసినది. 1930 ప్రాంతంలో అస్సాంలో పుట్టిన ఆ పద్ధతి బలమైన డికాక్షన్ త్వరగా దిగడానికి అనువైనది. దానిని ఎంత మరిగించినా పాలలోని మాంసకృత్తులు వగరును పట్టి ఉంచుతాయి, చక్కెర మిగిలినదాన్ని కప్పిపుచ్చుతుంది. లోంగ్‌జింగ్‌కు ఆ రక్షణలేవీ లేవు. కోసిన కొద్ది గంటలకే వేడి పెనంలో వేయించి, పులియడానికి అవకాశమివ్వకుండా ఆపేసిన ఆకు అది. అందులో కాటెకిన్లు అనే వగరు పదార్థాలు దాదాపు చెక్కుచెదరకుండా ఉంటాయి. సలసల మరిగే నీరు పోస్తే అవి, కెఫీన్‌తో కలిసి, ఒక్కసారిగా దిగిపోతాయి. నీరు 80 డిగ్రీల దగ్గర ఉంటే అవి నెమ్మదిగా దిగుతాయి. తియ్యదనానికి, కమ్మదనానికి కారణమయ్యే థియనైన్ మాత్రం ఆ వేడిలోనూ చక్కగానే దిగుతుంది.

ఇక్కడ ఒక చదువరి వేసిన ప్రశ్న చాలా విలువైనది. తాంగ్ వంశ కాలంలో (ఏడు నుంచి పదో శతాబ్దం దాకా) చైనావాళ్లు కూడా తేయాకును మరిగించేవారని మొదటి పాఠంలో మీరే రాశారు కదా, ఇప్పుడు మేము మరిగిస్తే తప్పేమిటని ఆయన నన్ను నిలదీశారు. తప్పు మరిగించడంలో లేదు. మీ చేతిలో ఉన్న ఆకు ఒక కాలానిది, మీరు పోస్తున్న నీరు ఇంకొక కాలానిది. ఈ మాట అర్థం కావాలంటే ఆకూ నీరూ కలుసుకునే పద్ధతి చైనాలో మూడు కాలాల్లో ఎలా ఉండేదో చూడాలి.

తాంగ్ కాలపు రచయిత లూ యూ 733లో పుట్టి 804లో మరణించాడు. నేటి హుబేయ్ రాష్ట్రంలోని తియెన్‌మెన్ ప్రాంతంలో ఒక బౌద్ధ సన్యాసి పెంచిన అనాథ అతడు. ఎనిమిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో అతడు రాసిన "ఛా చింగ్" మూడు సంపుటాల, పది అధ్యాయాల చిన్న గ్రంథం. తేయాకు గురించి మనకు దక్కిన తొలి సమగ్ర రచన. అతని కాలంలో శ్రేష్ఠమైన ఆకును ఆవిరిపట్టి, దంచి, బిళ్లలుగా అచ్చుపోసి ఎండబెట్టేవారు. తాగే ముందు బిళ్లను నిప్పు మీద కాల్చి, కాగితపు సంచిలో చల్లార్చి, నూరి, జల్లించి, ఆ పొడిని ఎసట్లో వేసేవారు. ఆ ఎసరు ఎలా మరగాలో లూ యూ మూడు మెట్లుగా చెప్పాడు. చేప కళ్లలాంటి బుడగలు లేచి సన్నని చప్పుడు వినిపిస్తే అది మొదటి మరుగు. అప్పుడు కొంచెం ఉప్పు వేయాలి. గిన్నె అంచుల వెంట ముత్యాల సరాల్లా ఊటలు పుడితే రెండో మరుగు. అప్పుడు ఒక గరిటెడు నీళ్లు తీసి పక్కన పెట్టుకుని, వెదురు పుల్లతో నీటిని సుడి తిప్పి, ఆ సుడి నడుమ పొడి వేయాలి. అలలు ఎగిసిపడితే మూడో మరుగు. పక్కన పెట్టిన నీళ్లను తిరిగి పోసి ఆ పొంగును అణచాలి, అలాగైతే నురుగు నిలుస్తుంది. అంతకు మించి మరిగితే నీరు "ముసలిది" అవుతుందని, తాగడానికి పనికిరాదని అతని తీర్పు. అంటే, మరిగించిన కాలంలో కూడా మరుగుకు ఒక హద్దు ఉండేది. ఆకులో ఉల్లికాడలు, అల్లం, రేగుపళ్లు, నారింజ తొక్క, పుదీనా వేసి కాచే జనాన్ని చూసి, అది కాలువలో పారబోయదగిన నీరని లూ యూ ఈసడించుకున్నాడు. అల్లం టీ ప్రియులు ఈ వాక్యాన్ని దాటవేయవచ్చు. ముసురు పట్టినప్పుడు నేనూ దాటవేస్తాను.

సుంగ్ వంశ కాలానికి (పది నుంచి పదమూడో శతాబ్దం దాకా) పద్ధతి మారింది. పొడిని ఎసట్లో వేయడం మాని, గిన్నెలోనే వేసి, పైనుంచి వేడి నీరు పోస్తూ వెదురు చీపురులాంటి కుంచెతో చిలికేవారు. స్వయంగా చిత్రకారుడైన హ్వేయ్‌త్సుంగ్ చక్రవర్తి 1107లో తేనీటి మీద రాసిన గ్రంథంలో నీటిని ఏడు విడతలుగా పోస్తూ చిలకడాన్ని వర్ణించాడు. తెల్లని నురుగు కొట్టొచ్చినట్లు కనబడాలని ఫూజియాన్‌లోని జ్యెన్ కుమ్మరి బట్టీల నల్ల గిన్నెలకు గిరాకీ పెరిగింది. చిలకడంలో పోటీలు పెట్టుకునేవారు. ఎవరి గిన్నెలో నురుగు ముందుగా విడిపోయి నీటి చార కనబడితే వారు ఓడినట్లు. జపాన్‌లో ఈనాటికీ నిలిచివున్న మాచా అనే పొడి తేనీరు ఈ పద్ధతి సంతతే.

ఈ కాలం నుంచి మనకు కావలసిన మనిషి త్సాయ్ శ్యాంగ్. అందమైన దస్తూరికి పేరుపడిన ఈ అధికారి పదకొండో శతాబ్దపు నడుమ రాసిన తేనీటి గ్రంథంలో, అన్నింటికన్నా కష్టమైనది నీటి పదును కనిపెట్టడమేనని చెప్పాడు. నీరు తక్కువ కాగితే పొడి తేలుతుంది, ఎక్కువ కాగితే అడుక్కు దిగుతుంది. పైగా ఆ రోజుల్లో నీటిని మూతి సన్నగా ఉండే కూజాలో కాచేవారు కాబట్టి లోపల బుడగలు కంటికి కనబడవు.

మూడో పాఠం ఎందుకు దెబ్బతిన్నదో త్సాయ్ శ్యాంగ్ వెయ్యేళ్ల కిందటే చెప్పేశాడు. మీలో ఎక్కువమంది వాడినది కరెంటు కెటిల్. అదీ మూసిన కూజాయే. లోపల ఏం జరుగుతున్నదో చూపదు, నీరు సలసల మరిగాక మాత్రమే టక్కుమని ఆగుతుంది. ఆ టక్కును మీరు "కాగింది" అని చదువుకున్నారు. కొందరు జాగ్రత్తగా, ఆగిన తరువాత ఐదు నిమిషాలు నిలిపి పోశామని, అయినా చేదు వచ్చిందని వాదించారు. ఈ ఐదు నిమిషాల సూత్రం నాకు చిరాకు తెప్పిస్తుంది, ఎందుకంటే అది ఎక్కడ విన్నా శాస్త్రంలాగే వినిపిస్తుంది. లీటరున్నర నీళ్లు మూతపెట్టిన కెటిల్‌లో ఐదు నిమిషాలు ఉంటే వేడి పెద్దగా తగ్గదు. అవే నీళ్లలో ఒక గ్లాసెడు వెడల్పాటి పళ్లెంలాంటి గిన్నెలో పోస్తే అంతలోనే తేనీటికి పనికిరానంతగా చల్లబడతాయి. మందపాటి పింగాణీ ముందుగా వేడి చేసి ఉంటే ఒక రకం, చల్లగా ఉంటే ఇంకొక రకం. పౌషమాసపు తెల్లవారు ఝామున ఒకలా, రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఒకలా. గడియారానికి ఇవేవీ తెలియవు. మరిగించి చల్లార్చడం తప్పు కాదు, చాలామంది చైనావాళ్లూ అదే చేస్తారు. ఎంత చల్లారిందో చూడకుండా గడియారాన్ని నమ్మడమే తప్పు.

నా పద్ధతి చాలా మోటుది. ఉష్ణమాపకం నా దగ్గర లేదు, కొనను కూడా. మరిగిన నీటిని ఒక స్టీలు చెంబులోకి, అక్కడి నుంచి గాజు గ్లాసులోకి తిరగబోస్తాను. గది వేడిలో ఉన్న పాత్రలోకి పోసిన ప్రతిసారీ ఉజ్జాయింపుగా పది డిగ్రీలు తగ్గుతుంది, కాబట్టి రెండుసార్లు తిరగబోస్తే 80 దరిదాపుల్లో ఉంటుంది. మీ చెంబు మందం వేరైతే ఈ లెక్క కొంత మారుతుంది. అందుకే అభ్యాసం అవసరం.

మూడో పద్ధతి 1391లో ఒక రాజాజ్ఞతో స్థిరపడింది. మింగ్ వంశ స్థాపకుడు జూ యువాన్‌జాంగ్ పేద రైతు కుటుంబంలో పుట్టి, కరువులో తల్లిదండ్రులను పోగొట్టుకుని, బిచ్చమెత్తి బతికినవాడు. రాజుకు కప్పంగా పంపే తేయాకు బిళ్లల తయారీలో జనం పడే చాకిరీ చూసి, వాటిని మాన్పించి, విడి ఆకు మాత్రమే పంపమన్నాడు. సామాన్యులు విడి ఆకును అంతకు ముందు నుంచే వాడుతుండేవారు. ఈ ఆజ్ఞతో అది కులీనుల ఇళ్లలోనూ నిలదొక్కుకుంది. పొడి లేకపోయాక విసుర్రాయితో, కుంచెతో పని తగ్గింది. ఆకును వేయించే విద్య, ఆకు నానడానికి కూజా, యీషింగ్ అనే ఊరి ఎర్రమట్టి కూజాలకు పేరు, ఇవన్నీ ఆ తరువాతి పరిణామాలే. లోంగ్‌జింగ్‌ను సీటీసీ పొడిలా మరిగించినవారు ఈ మూడో కాలపు ఆకును మొదటి కాలపు ఎసట్లో వేశారు, అదీ లూ యూ పెట్టిన హద్దు లేకుండా.

మరిగించడం చైనాలో అంతరించిందని మాత్రం అనుకోవద్దు. ముదురు ఆకుతో చేసి ఊరబెట్టిన నల్ల ఆకు, పాతబడిన తెల్ల ఆకు ఈనాటికీ పొయ్యి మీద మరుగుతాయి. టిబెట్టుకు గుర్రాల బదులుగా వెళ్లిన ఇటుక తేయాకును అక్కడివారు బాగా మరిగించి, వెన్న, ఉప్పు వేసి చిలుకుతారు. ఆ ఆకు అంత మరుగును కోరుతుంది.

మింగ్ కాలపు రచయిత జాంగ్ యువాన్ ఆకు వేసే వరుసను మూడు విధాలుగా చెప్పాడు. ఆకు ముందు వేసి నీరు పోస్తే కింది వేత. సగం నీరు పోసి, ఆకు వేసి, మళ్లీ నీరు నింపితే నడిమి వేత. నీరంతా పోసి పైన ఆకు చల్లితే పై వేత. చలికాలానికి కింది వేత, వేసవికి పై వేత, తక్కిన రుతువులకు నడిమి వేత అన్నాడు. ఇదీ వేడికి సంబంధించిన యుక్తే. నీరు కాస్త ఎక్కువ కాగిందని అనుమానం వస్తే పై వేత వేయండి. ఆకు వేసేసరికి నీరు కొంత చల్లబడి ఉంటుంది, ఆకు తన తీరికలో మునుగుతుంది.

అతిథి మర్యాద గురించి అడిగినవారికి ఒక్క మాట. చైనాలో కప్పును పదింట ఏడు వంతులే నింపుతారు. నిండా పోస్తే అతిథిని అవమానించినట్లు. నిండుగా పోయకపోతే పిసినారితనమనుకునే మన ఇళ్లకు ఇది తలకిందుల లెక్క. అయితే దానికీ వేడే కారణం: పిడి లేని చిన్న కప్పును అంచు దాకా నింపితే పట్టుకున్న వేళ్లు కాలుతాయి.

అభ్యాసం. ఐదు రోజుల పాటు ఆకు ముట్టవద్దు. రోజూ మూతలేని గిన్నెలో అర లీటరు నీళ్లు సన్నని మంట మీద పెట్టి, పక్కనే నిలబడండి. మొదట అడుగున అంటుకునే పిసరంత బుడగలు నీటిలో కరిగివున్న గాలి మాత్రమే. వాటిని చేప కళ్లని భ్రమపడవద్దు. తరువాత రొద మొదలవుతుంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లని నీటిలో చితికిపోయే చప్పుడు అది. సుంగ్ కవి సు షీ దానిని పైన్ చెట్లలోని గాలితో పోల్చాడు. నీరు పూర్తిగా మరిగేటప్పుడు ఆ రొద తగ్గి, గలగల మాత్రమే మిగులుతుంది. నాలుగో రోజున కళ్లు మూసుకుని, చప్పుడును బట్టి ఏ మెట్టులో ఉన్నదో చెప్పి, కళ్లు తెరిచి సరిచూసుకోండి. ఐదో రోజున మూసిన కెటిల్‌తో అదే పని చేయండి. పదింటిలో ఏడుసార్లు సరిగ్గా చెప్పలేకపోతే ఇంకో ఐదు రోజులు.

ఆ తరువాత మూడు గ్లాసులు పెట్టి, ఒక్కొక్కదానికి మూడు గ్రాముల లోంగ్‌జింగ్, 150 మిల్లీలీటర్ల నీరు చొప్పున తీసుకుని, ఒకదానిలో మరుగుతున్న నీరు, ఒకదానిలో ఒకసారి తిరగబోసినది, ఒకదానిలో రెండుసార్లు తిరగబోసినది పోసి, రెండు నిమిషాలకు మూడింటినీ రుచి చూడండి. చేదుగా వచ్చినదాన్ని పారబోయకుండా పూర్తిగా తాగాలి. పాలు, తేనె కలపరాదు. వచ్చే పాఠానికి ఊలాంగ్ ఆకు ముప్పై గ్రాములు తెచ్చి, మసాలా డబ్బాలకు దూరంగా గట్టి మూత ఉన్న రేకు డబ్బాలో ఉంచండి. దానికి మాత్రం సలసల మరిగే నీరే కావాలి.