సర్వే ఫైల్లో తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తుంటే

లైబ్రరీ డేటా డెస్కుకు వచ్చే స్కాలర్లు చెప్పేది ఇంచుమించు ఒకటే: "సర్, రిపాజిటరీలో పెట్టిన సీఎస్‌వీ పాడైంది, మీ సర్వర్‌లోనే ఏదో తేడా." (రిపాజిటరీ అంటే పరిశోధన డేటా దాచే ఆన్‌లైన్ చోటు; సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన పట్టిక, మామూలు టెక్స్ట్ ఫైలు.) సర్వర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎక్సెల్‌లో కాదు, నోట్‌ప్యాడ్‌లో. చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.

ఎక్సెల్‌లో పిచ్చి అక్షరాలు, నోట్‌ప్యాడ్‌లో చక్కటి తెలుగు

డేటాకు ఏమీ కాలేదు. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు వేర్వేరు అక్షరాలనుకుంటుంది. డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ'కి వెళ్లి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 (అంటే యూటీఎఫ్-8) ఎంచుకోండి. అంతే.

నోట్‌ప్యాడ్‌లోనూ ప్రశ్నార్థకాలే

ఇక్కడే నేనూ దెబ్బతిన్నాను. ఒక స్కాలర్ సర్వే ఫైలు ఇచ్చాడు. రిపాజిటరీ చూపించిన ఫైలు మారిందో లేదో తేల్చే వేలిముద్ర లాంటి ఎండీ5 చెక్‌సమ్, అతని ల్యాప్‌టాప్‌లో ఫైలుది ఒకటే. ఓకే చేసేశాను. చాలా రోజుల తర్వాత ఇంకెవరో డౌన్‌లోడ్ చేస్తే ఊరి పేర్ల కాలమ్ నిండా ప్రశ్నార్థకాలు! చెక్‌సమ్ తప్పు చెప్పలేదు. ఫైలు మా దగ్గరికి వచ్చేసరికే పాడైంది, పాడైన ఫైలుకే చెక్‌సమ్ సరిపోయింది.

జరిగింది ఇది. ఎక్సెల్ షీటును సేవ్ యాజ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' బదులు, అదే జాబితాలో ఉండే 'సీఎస్‌వీ (కామా డీలిమిటెడ్)' నొక్కాడు. విండోస్ పాత కోడ్ పేజీల్లో (అక్షరాల పట్టికల్లో) తెలుగుకు చోటే లేదు కాబట్టి ప్రతి గుర్తూ ప్రశ్నార్థకమైపోతుంది. మాయ ఏమిటంటే, సేవ్ చేశాక కూడా స్క్రీన్ మీద తెలుగు అలాగే కనిపిస్తుంది. షీటు మూసి మళ్లీ తెరిస్తేనే బండారం బయటపడేది. మూసి చూసేదెవరు?

ఈ ప్రశ్నార్థకాల నుంచి తెలుగు వెనక్కి రాదు, ఏ కన్వర్టరూ తేలేదు. అసలు ఎక్సెల్ ఫైలు వెతకండి. ఆన్‌లైన్‌లో సర్వేలు చేసే కోబో టూల్‌బాక్స్‌లో సర్వే చేసుంటే అక్కణ్నుంచే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. కొత్త సీఎస్‌వీని నోట్‌ప్యాడ్‌లో చూసుకుని, రిపాజిటరీలో కొత్త వెర్షన్‌గా పెట్టండి. అసలు ఎక్సెల్ ఫైలునూ పక్కనే పెట్టమని నేనిప్పుడు పట్టుబడుతున్నాను.

మిగతావి

అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసిన పాత ఫైలైతే ఎన్‌కోడింగ్ (65001 లాంటి ఎంపిక) ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, యూనికోడ్ కన్వర్టర్ కావాలి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేనట్టే.