టోల్ గేట్ దగ్గర బండి ఎలా నడపాలి

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు హైవే మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అని మూడు టోల్ గేట్లు తగులుతాయి. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లందరికీ ఈ పేర్లు నోటికొచ్చు. అక్కడ మన టెన్షన్ అంతా క్యూ గురించే. నన్నడిగితే భయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: గేటుకు ముందు అందరూ లేన్లు మారే అర కిలోమీటరు, దాటాక అందరూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కే పావు కిలోమీటరు.

పని ఇంటి దగ్గరే మొదలవ్వాలి. ముందురోజు రాత్రే ఫాస్టాగ్ (టోల్ డబ్బు దానంతటదే కట్ అయ్యేలా అద్దానికి అంటించే స్టిక్కర్) బ్యాలెన్స్, కేవైసీ చూసుకోండి. ఇది డబ్బుల సంగతే అనుకుంటాం గానీ, గేటు దాకా వచ్చాక ట్యాగ్ బ్లాక్‌లిస్టులో ఉందని తెలిసినవాడే కంగారులో రివర్స్ గేరు వేస్తాడు, వెనకున్న లారీ డ్రైవరుకి ఆ కారు కనపడను కూడా కనపడదు. ట్యాగ్ పనిచేయకపోతే రివర్స్ మాత్రం వద్దు, 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే టోల్ ఒకటింబావు రెట్లు. కట్టేసి ముందుకు పొండి. ట్యాగ్‌ని చేత్తో పట్టుకుని ఊపే అలవాటుంటే మానేసి అద్దానికి అంటించండి.

ఇక స్పీడు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది, అంటే 300 మీటర్లు దాటడానికి పట్టేది పదకొండు సెకన్లు, ఆ లోపలే లేన్ చూసుకోవాలి, అద్దం చూసుకోవాలి, బ్రేకు వేయాలి. అందుకే టోల్ కిలోమీటరు దూరంలో ఉందన్న బోర్డు కనపడగానే కాలు తీసేయండి, లేన్‌లోకి దూరేసరికి ఇరవైకి రావాలి. గంటసేపు వందలో వచ్చినవాడికి అరవై కూడా నడుస్తున్నట్టే అనిపిస్తుంది, పైగా టోల్ దగ్గర రోడ్డు వెడల్పు అయ్యేసరికి ఇంకా నెమ్మదిగా పోతున్నామనుకుంటాం. మీటరు చూడండి, మనసు చెప్పేది నమ్మకండి. రంబుల్ స్ట్రిప్స్ (స్పీడు తగ్గించడానికి రోడ్డుకి అడ్డంగా వేసే ఎత్తు గీతలు) తప్పించడానికి ఎడమ అంచుకి దిగేవాళ్లున్నారు, అదేం తెలివో నాకర్థం కాదు, ఆ అంచులో వచ్చేది బైకులవాళ్లు.

లేన్ దూరం నుంచే ఎంచుకోండి. పైన రెడ్ క్రాస్ ఉంటే అది మూసేసినట్టు. ఎంచుకున్నాక పక్క క్యూ వేగంగా కదులుతోందని బండి ముక్కు అటు దూర్చొద్దు, మీకు మిగిలేది రెండు నిమిషాలే. ముందు లారీ ఉంటే దాని వెనక టైర్లు నేలని తాకే చోటు కనపడేంత దూరంలో ఆగండి, లోడు బండి కదిలేటప్పుడు ఒక్కోసారి వెనక్కి జారుతుంది.

గేటు దగ్గర మనుషులుంటారు. చేతి మెషిన్ పట్టుకున్న కుర్రాడు లారీకీ బూత్‌కీ మధ్య సందులోంచి వస్తాడు, తాటి ముంజలమ్మే ఆవిడ చిల్లర కోసం రెండు లేన్ల అవతలికి పరిగెడుతుంది. ముందు కారు వెనకే అంటుకుపోయి గేటు దాటాలని చూస్తే గేటు కర్ర మీ అద్దం మీదే పడుతుంది. బ్యాలెన్స్ ఉండి, ట్యాగ్ బాగానే ఉండి, వాళ్ల మెషిన్ చదవకపోతే డబ్బు కట్టక్కర్లేదు, సున్నా రసీదు ఇచ్చి పంపాలని 2018 నుంచీ రూల్ ఉంది. అది చెప్పండి చాలు, దిగి గొడవపడొద్దు.

దాటాక అసలు రేసు. పది లేన్లు రెండయ్యే చోటది, డబ్బు కట్టక్కర్లేని బైకులు ఎడమ చివర నుంచి వచ్చి అక్కడే కలుస్తాయి. మీ వరసలోనే రెండొందల మీటర్లు పోయి, ఇండికేటర్ వేసి, అప్పుడు మారండి.

వానలో మాత్రం ఇవన్నీ రెట్టింపు జాగ్రత్తగా చేయాలి, బండ్లు ఆగి ఆగి కారిన ఆయిల్‌తో అక్కడి నేల తొలి చినుకులకే జారుతుంది. 2022 జులైలో కర్ణాటకలోని శిరూరు టోల్ దగ్గర వానలో వేగంగా వచ్చిన అంబులెన్స్ జారి బూత్‌ని గుద్దింది, నలుగురు చనిపోయారు. లేన్‌లోని బారికేడ్లని సిబ్బంది ఆ క్షణంలో పరిగెత్తుకుంటూ తీస్తున్నారు. అంబులెన్స్ లేన్‌లో ఏ అడ్డూ పెట్టకుండా చూడాల్సింది టోల్ నడిపేవాళ్లే, అరిగిన రంబుల్ స్ట్రిప్స్, వెలగని లైట్లు, సిమెంటు దిమ్మె ముందు విరిగిపోయిన డ్రమ్ములు కూడా వాళ్ల బాధ్యతే.

అలాంటివి కనపడితే దాటాక పక్కన సురక్షితంగా ఆపి హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి, లేదా హైవే వాళ్ల రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో ఫొటో పెట్టండి. టోల్ పేరు, ఎటు వెళ్తున్నారు, లేన్ నంబరు, టైము చెప్పండి. ఉత్తినే "లైట్లు లేవు" అంటే ఏ లేన్‌లోనో వెతుక్కోవడానికే వాళ్లకి ఓ రోజు పడుతుంది.