చావిడిలో నిలిచిపోయిన పాత కారు: తాళం తిప్పే ముందు చేయవలసిన పనులు

కోనసీమలోని మా మేనమామగారి ఇంటి చావిడిలో 1996 మోడలు మారుతీ 800 నాలుగేళ్లపాటు కదలకుండా ఉండిపోయింది. దానిని బయటకు తీద్దామనుకున్న రోజున పక్కింటి కుర్రవాళ్లు నలుగురు వచ్చి, సెకండ్ గేరులో పెట్టి తోస్తే అదే అందుకుంటుందని చొక్కా చేతులు పైకి మడిచారు. వాళ్లను ఆపడానికి రెండు విడతలు కాఫీలు ఇప్పించవలసి వచ్చింది. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజనులో నూనె అంతా కిందికి జారిపోయి సిలిండరు గోడలు పొడిగా ఉంటాయి, పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండరు గోడలకు అంటుకొని ఉండవచ్చు, ట్యాంకు అడుగున మడ్డి పేరుకొని ఉంటుంది. అటువంటి ఇంజనును బలవంతంగా తిప్పితే, వందల్లో పోయే మరమ్మతు వేలల్లోకి వెళుతుంది.

బండి లంక గ్రామంలో గానీ కాలవ గట్టు కింద గానీ ఉండి ఉంటే, వరద నీరు ఎంత ఎత్తు వరకు వచ్చిందో ముందుగా తేల్చుకోవాలి. ఇంటివారికి గుర్తు లేకపోయినా, తలుపుల లోపలి వైపున, సీట్ల కింద ఎండిన ఒండ్రు చార ఆ సంగతి చెబుతుంది. చార ఎయిర్ ఫిల్టర్ ఎత్తుకు చేరి ఉంటే సెల్ఫ్ కొట్టనే కూడదు. నీరు గాలిలాగా నొక్కుకుపోదు కనుక సిలిండరులో నిలిచిన కొద్దిపాటి నీటికే పిస్టన్‌ను క్రాంక్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నూనె మట్టం చూసే పుల్లను (డిప్‌స్టిక్) తీసి చూసినప్పుడు నూనె పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే అందులో నీరు చేరినట్లే. రంగు బాగానే ఉన్నా ఇన్నేళ్ల నూనెను ఉంచకుండా, ఫిల్టరుతో సహా మార్చడమే మంచిది.

తరువాత ఎలుకల సంగతి చూడాలి. కోతలైన తరువాత చేలలోని ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి, వాటికి బానెట్ కింద చోటు కంటే భద్రమైన నివాసం దొరకదు. మా మేనమామగారి కారులో ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసేసరికి కొబ్బరి పీచు, ఎండుగడ్డి, ఒక పాత గుడ్డపీలిక కలిపి గుండ్రంగా అల్లిన గూడు కనిపించింది, దాని పక్కనే ప్లగ్గు వైరు రాగి బయటపడేదాకా కొరికి ఉంది. వైర్లన్నిటినీ చేతితో తడిమి చూడాలి. సైలెన్సరు గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టలేదని కూడా నిర్ధారించుకోవాలి.

ఇక ఇంజను తిరుగుతుందో లేదో చూడాలి. మారుతీ 800కు మూడు సిలిండర్లు కనుక స్పార్క్ ప్లగ్గులు మూడూ విప్పి, ఒక్కొక్క సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి, రాత్రంతా వదిలివేయాలి. మర్నాడు ఇంజను పక్కన బెల్టు తిరిగే క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా తగిలించి, ఇంజను తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పాలి. కదలకపోతే మరికొంత నూనె పోసి మరో రెండు రోజులు ఆగాలి తప్ప, పానాకు పొడవాటి పైపు తొడిగి బలం చూపకూడదు. వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా తిప్పే టైమింగ్ బెల్టు మీద పగుళ్లు కనిపిస్తే, స్టార్ట్ చేయకముందే మార్చాలి.

పాత బండ్లలో ఎక్కువ గొడవ పెట్రోలుతోనే వస్తుంది. 2023 నుంచి బంకులలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలైంది, ఇథనాలేమో గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన ప్రాంతంలో తేమకు కొదవ లేదు కనుక, సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో కొంతకాలానికి నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. ట్యాంకులోంచి తీసిన పెట్రోలును గాజు సీసాలో పోసి గంటసేపు కదపకుండా ఉంచితే, అడుగున వేరే పొర గీత గీసినట్లు కనిపిస్తుంది. ఆ గీత కనిపించినా, వార్నిష్ వాసన వచ్చినా మొత్తం తీసివేయాలి. తీసినదాన్ని కాలవలో పారబోయకూడదు. ఈ పనంతా బ్యాటరీ వైరు విప్పి ఆరుబయట చేయాలి, బీడీ వెలిగించేవారిని దరిదాపులకు రానివ్వకూడదు. పాత రబ్బరు గొట్టాలు ఈ పెట్రోలుకు ఉబ్బి పగులుతాయి, వాటికయ్యే ఖర్చు తక్కువే కాబట్టి అన్నీ ఒకేసారి మార్చివేయాలి. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాల జెట్లను క్లీనర్ స్ప్రేతోనూ గాలితోనూ మాత్రమే శుభ్రం చేయాలి. వైరుముక్కతో పొడిస్తే రంధ్రం పెద్దదై, బండి ఇక ఎప్పటికీ తిన్నగా నడవదు.

పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ కొంతసేపు ఆగాక 12.6 వోల్టుల దగ్గర నిలవాలి. రాత్రంతా చార్జ్ పెట్టినా 10.5 దాటకపోతే ఒక సెల్ పోయినట్లు భావించవచ్చు. టెర్మినళ్ల మీది తెల్లని పొక్కును వేడినీళ్లలో కలిపిన వంటసోడాతో కడగాలి. రేడియేటరులో బోరునీళ్లు పోయవద్దు. సముద్రం వైపు ఊళ్లలో అవి ఉప్పగా ఉండి లోపల తుప్పు పట్టిస్తాయి.

ఇప్పుడు కారును ఆరుబయటనే ఉంచి, ప్లగ్గులు బిగించకముందే, వాటికి కరెంటు పంపే కాయిల్ వైరు విప్పి, పది సెకన్లకు మించకుండా విడతలు విడతలుగా సెల్ఫ్ కొడితే, కొంతసేపటికి డ్యాష్‌బోర్డు మీది ఎర్రని ఆయిల్ దీపం ఆరిపోతుంది. నూనె పైకి చేరిందనడానికి అదే గుర్తు. ఆ తరువాతే ప్లగ్గులు బిగించి, వైరు కలిపి, చోకు లాగి స్టార్ట్ చేయాలి. ఇంజను తిరుగుతూ అందుకోకపోతే ముందు ప్లగ్గులకు కరెంటు వస్తున్నదో లేదో, తరువాత పెట్రోలు వస్తున్నదో లేదో చూడాలి; ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ ఉంటే పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. అందుకొని వెంటనే ఆగిపోతుంటే పెట్రోలు పంపులోని పలుచని పొరను (డయాఫ్రమ్‌ను) అనుమానించాలి. మొదట వచ్చే నీలిపొగ కొద్ది నిమిషాలలో తగ్గితే అది మనం పోసిన నూనే. తెల్లని పొగ ఆగకుండా వస్తూ రేడియేటరులో నీరు తగ్గుతుంటే మాత్రం సిలిండర్ల పైమూత కింద ఉండే హెడ్ గాస్కెట్ పోయినట్లు అనుకొని మెకానిక్‌ను పిలవాలి.

చోకు లాగినంతసేపు నడిచి, వదలగానే ఆగిపోవడం మా కారుకు పట్టుకున్న జబ్బు. కార్బురేటర్‌లో యాక్సిలరేటర్ తొక్కనప్పుడు పెట్రోలు అందించే ఐడిల్ జెట్ విప్పి చూస్తే ఆవగింజలో సగమంత ఆకుపచ్చని పొలుసు దాని నోట్లో అడ్డుపడి ఉంది. దానిని ఊదివేసి బిగించాక ఇంజను తిన్నగా నడిచింది. అమలాపురం వెళ్లివచ్చాక నూనె తీస్తే అది అప్పటికే నల్లబడి ఉంది కాబట్టి, మొదటి వారంలోనే మరోసారి మార్చాము.