ఇంట్లో ఇంజన్ విప్పి బిగించిన తర్వాత ఆయిల్ కారుతుంటే

ఇంటి ముందరే కారు ఇంజన్ విప్పి, టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగో ఆయిల్ సీలో మార్చి తిరిగి బిగించిన మర్నాడు బండి కింద నల్లటి మరక కనిపిస్తే, చాలామంది వెంటనే రెంచి తీసుకుని బోల్టులన్నింటినీ ఇంకో పట్టు బిగిస్తారు, లేదా అతుకు చుట్టూ పైపైన సిలికాన్ పూస్తారు. మొదటి పని రేకు కవర్‌ను వంచుతుంది, అల్యూమినియం హెడ్ (ఇంజన్ పైభాగం)లోని చూడీలను, అంటే బోల్టు మరలను తెంపుతుంది. రెండోది లీకు ఎక్కడుందో కనిపించకుండా కప్పేస్తుంది. మరమ్మతుకు ముందు లేని లీకు మరమ్మతు తర్వాత మొదలైందంటే, కారణం దాదాపుగా మన చెయ్యి పడ్డ చోటే ఉంటుంది. అందుకని ముందుగా ఏయే భాగాలు విప్పామో ఒక కాగితం మీద రాసుకుని, ఆ చోట్లను పైనుంచి కిందికి వరుసగా పరీక్షించుకుంటూ రావాలి.

కింద పడింది ఇంజన్ ఆయిలేనా అన్నది తేల్చుకోవడం మొదటి పని. మన వైపు ఇళ్ల ముందు పరిచే తాండూరు బండల మీద పాత మరకలు పోవు కాబట్టి, బండి కింద ఒక తెల్లని అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచితే చుక్క రంగూ, అది పడిన చోటూ రెండూ తెలుస్తాయి. తేనె రంగు నుంచి నలుపు దాకా ఉండి, వేళ్ల మధ్య జారేది ఇంజన్ ఆయిల్. పచ్చగానో గులాబీ రంగులోనో నీళ్లలా ఉండేది కూలెంట్. చిక్కగా ఉండి గంధకపు వాసన వేసేది గేర్ ఆయిల్. చక్రం లోపలి వైపు సన్నగా, లేత పసుపుగా కారేది బ్రేక్ ఆయిల్ అయితే ఆ బండిని అక్కడి నుంచి కదిలించవద్దు.

ఆయిల్ పడిన చోటు, కారిన చోటు ఒకటి కావు. పైన టాపెట్ కవర్ మూల నుంచి జారిన ఆయిల్ ఇంజన్ పక్కగా దిగి, ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచు మీదుగా పాకి, బండి పరుగులోని గాలికి వెనక్కి కొట్టుకుపోయి, చివరికి గేర్ బాక్సు దగ్గర చుక్కగా రాలుతుంది. ఆ చుక్కను చూసి వెనుక క్రాంక్ సీలు (ఇంజన్ ప్రధాన ఇరుసు వెనుక కొసన ఉండే ఆయిల్ సీలు) పోయిందని నమ్మి గేర్ బాక్సు దింపించుకున్నవాళ్లు ఉన్నారు. తడి ఎక్కడ అన్నిటికంటే ఎత్తులో ఉందో అదే మూలమని పట్టుకుంటే ఈ ఖర్చు తప్పుతుంది. అయితే మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల ఊక దుమ్మూ, పాలమూరు ఎర్రమట్టీ కొద్దిపాటి తడికి కూడా అంటుకుని ఇంజన్ నిండా నల్లటి మడ్డిగా పేరుకుంటాయి కాబట్టి, కడగకుండా మూలాన్ని వెతకడం దండగ. ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేసి, ఆల్టర్నేటర్‌కూ సెన్సర్ల కనెక్టర్లకూ ప్లాస్టిక్ కవర్లు చుట్టి, జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో గానీ డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో గానీ ఆ భాగమంతా తుడవాలి. పెట్రోల్ మాత్రం వాడవద్దు, దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

కడిగిన చోటు బాగా ఆరాక, చుట్టిన కవర్లు తీసి, బ్యాటరీ తీగ తిరిగి తగిలించి, అనుమానం ఉన్న అతుకుల మీద ఒంటికి రాసుకునే పౌడర్ పలచగా చల్లి, ఇంజన్‌ను పది పదిహేను నిమిషాలు నడిపి ఆపాలి. టార్చి వెలుగులో చూస్తే పౌడర్ మొదట తడిసిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఇంజన్ నడుస్తుండగా బెల్టు దగ్గర చెయ్యి గానీ కొంగు గానీ తువ్వాల గానీ ఉండకూడదు. బండి కిందికి దూరవలసి వస్తే చదునైన గట్టి నేల మీదే జాకీ ఎత్తి, దాని పక్కన జాకీ స్టాండ్లు తప్పకుండా పెట్టాలి. ఇటుకలూ, నాపరాళ్లూ బరువుకు ఉన్నట్టుండి పగులుతాయి.

సులువుగా తేలే చోట్లను ముందు చూసుకోవచ్చు. ఆయిల్ ఫిల్టర్ మార్చి ఉంటే, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయి, దాని మీద కొత్త రింగు పడిందేమో విప్పి చూడాలి. ఇలా రెండు రింగులు పడితే ఆయిల్ కారడం కాదు, ధారగా చిమ్ముతుంది. కొత్త రింగుకు కొంచెం ఆయిల్ పూసి, అది ఇంజన్ ముఖానికి తగిలిన తర్వాత చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా సరిపోతుంది. డ్రైన్ నట్టు వాషర్ ఒకసారి నలిగితే మళ్లీ పట్టదు కనుక ప్రతిసారీ కొత్తది వేయాలి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ (ఆయిల్ ఒత్తిడి తగ్గితే దీపం వెలిగించేది) కనెక్టర్ లోపల ఆయిల్ తడి ఉంటే ఆ స్విచ్చే మార్చాలి. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) ఉన్న పాత ఇంజన్లలో దాని గుండ్రటి రబ్బరు సీలును (ఓ-రింగును) కూడా చూడాలి.

ఇంట్లో చేసే మరమ్మతుల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది టాపెట్ కవర్. విప్పగానే ప్యాకింగ్‌ను చేతిలోకి తీసుకుని చుట్టూ వేలితో తడిమితే, గాడిలోంచి జారి నొక్కుకుపోయిన చోటో మెలిపడిన చోటో తెలిసిపోతుంది. రబ్బరు ప్యాకింగ్ గట్టిపడి, వంచితే విరిగేలా ఉంటే దానికి సిలికాన్ పూసి మళ్లీ వాడడం వృథా. ఊళ్లో దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించుకున్నా సరే, కంపెనీ ప్యాకింగే వేయడం నయం. కొలతలో వెంట్రుకవాసి తేడా ఉన్న చవక ప్యాకింగ్ ఎంత చక్కగా బిగించినా కారుతుంది. హెడ్ ముఖం మీది పాత సిలికాన్‌ను ప్లాస్టిక్ బద్దతో గీకాలే తప్ప ఎమరీ కాగితంతో రుద్దకూడదు. ఆ కాగితం నుంచి రాలే గరుకు పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులను తినేస్తుంది, అప్పుడు లీకు కంటే పెద్ద పని పడుతుంది. డీజిల్‌తో తుడిచిన ముఖం మీద నూనె పొర మిగిలే ఉంటుంది కాబట్టి చివరగా బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఆరనివ్వాలి. రబ్బరు ప్యాకింగ్‌ను చాలా ఇంజన్లలో పొడిగానే వేస్తారు. క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) క్యాపు హెడ్‌తో కలిసే మూలల్లోనూ, అర్ధచంద్రాకారపు సీళ్ల కొసల్లోనూ మాత్రమే కందిగింజంత సిలికాన్ పెట్టాలి. ఈ మూలలను వదిలేయడం వల్లే లీకు మళ్లీ మళ్లీ వస్తుంటుంది.

బోల్టులను ముందు అన్నింటినీ వేళ్లతో ఎక్కించి, నడుమ నుంచి అంచులకు ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించాలి. ఈ కవర్లకు వాడే 6 మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల బిగుతు, కొన్ని ఇంజన్లలో అంతకన్నా తక్కువే చెబుతారు. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించాలి, ఆ అంకెను చెయ్యి సొంతంగా పసిగట్టలేదు కనుక బిగుతును కొలిచే టార్క్ రెంచిని అద్దెకైనా తెచ్చుకోవాలి. బోల్టు దిగే రంధ్రంలో ఆయిల్ నిలిచి ఉంటే బోల్టు దాని మీదే కూర్చుని బిగిసినట్టు భ్రమ కలిగిస్తుంది, బలవంతం చేస్తే పోత పోసిన భాగమే పగలవచ్చు. రంధ్రాలను గుడ్డతో అద్ది ఆరబెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. రేకు కవర్ బోల్టు రంధ్రాల దగ్గర లోపలికి గుంట పడి ఉంటే, తిరగేసి చిన్న సుత్తితో చదును చేసిన తర్వాతే ఎక్కించాలి.

ఛాంబర్ సంగతి వేరు. చాలా ఇంజన్లలో అక్కడ ప్యాకింగ్ ఉండదు, సిలికానే ప్యాకింగ్. దాన్ని సుమారు 3 మిల్లీమీటర్ల మందాన, తెగకుండా ఒకే గీతగా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి గీయాలి. ఎక్కువ పూస్తే గట్టిగా ఉంటుందన్న నమ్మకం ప్రమాదకరం: లోపలికి పొంగిన సిలికాన్ ముక్కలుగా ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే ఇంజన్ మొత్తం పోతుంది. ఈ సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీల దాకా వెళ్లినప్పుడు పైపొర తొందరగా తోలు కడుతుంది, గాలి పొడిగా ఉండడం వల్ల లోపలి భాగం మాత్రం నెమ్మదిగా ఆరుతుంది. అందుకని వేసవిలో ఈ పని తెల్లవారుజామున చేసి, తోలు కట్టకముందే ఛాంబర్ ఎక్కించి, 24 గంటలు గడిచాకే ఆయిల్ పోయాలి. తొందరపడి ఆ సాయంత్రమే ఆయిల్ పోసినవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది.

క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు మార్చి ఉంటే, సీలు స్ప్రింగు ఉన్న ముఖం ఆయిల్ వైపు ఉందో లేదో చూడాలి. షాఫ్ట్‌ను తాకే లోపలి అంచుకు, అంటే పెదవికి ఆయిల్ పూయకుండా పొడిగా ఎక్కిస్తే మొదటి తిరుగుడులోనే కాలిపోతుంది. సుత్తితో ఒక పక్క కొడితే సీలు వంకరగా దిగుతుంది కనుక, దాని బయటి కొలతకు సరిపోయే పీవీసీ పైపు ముక్కను ఆనించి చుట్టూ సమానంగా తట్టాలి. షాఫ్ట్ మీద పాత సీలు పెదవి రాపిడికి గాడి పడి ఉంటే, కొత్త సీలును మిల్లీమీటరు అటో ఇటో జరిపి, పెదవి నున్నటి చోట ఆనేలా కూర్చోబెట్టవచ్చు. టైమింగ్ బెల్టు ఆయిల్‌లో నానితే తుడిచి వాడకూడదు, మార్చాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా రెండు మూడు చోట్ల ఒకేసారి కారుతుంటే తప్పు సీళ్లది కాకపోవచ్చు. ఇంజన్ లోపలి వాయువులు బయటపడే పీసీవీ వాల్వు గానీ బ్రీదర్ పైపు గానీ మడ్డితో మూసుకుపోతే క్రాంక్ కేసులో (ఇంజన్ అడుగు భాగంలో) ఒత్తిడి పెరిగి, ఆయిల్‌ను బలహీనమైన అతుకు నుంచి బయటికి తోస్తుంది. బ్రీదర్ పైపు శుభ్రంగా ఉన్నా ఆయిల్ మూత తీసినప్పుడు పొగ బలంగా పొంగుతుంటే పిస్టన్ రింగులు అరిగాయని అనుమానించాలి.

వెనుక క్రాంక్ సీలు, హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే ప్యాకింగ్) లీకులను ఇంటి దగ్గర ముట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మొదటిదానికి గేర్ బాక్సు దించాలి, రెండోదానికి హెడ్ ముఖం చదును కొలిపించాలి. లీకు ఆపుతామని డబ్బాల్లో అమ్మే మందులు ఎండిన రబ్బరును కొంత మెత్తబరుస్తాయేమో గానీ, మెలిపడిన ప్యాకింగ్‌నూ తెగిన చూడీలనూ ఏమీ చేయలేవు.

పని పూర్తయ్యాక డిప్ స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) గీతల మధ్య దాకా ఆయిల్ పోసి, బండిని నిలబెట్టే ఇంజన్ నడిపి చూసిన తర్వాత రోడ్డు మీద పరీక్షించాలి. ఇంటి ముందు పొడిగా కనిపించిన అతుకు వేగం మీద కారవచ్చు. నల్లగొండ వాళ్లకు నార్కట్‌పల్లి దాకా వెళ్లి 65వ జాతీయ రహదారి మీద కొంత దూరం, మహబూబ్‌నగర్ వాళ్లకు జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి మీద కొంత దూరం చాలు. దారిలో ఆయిల్ దీపం వెలిగితే అక్కడే ఇంజన్ ఆపాలి. కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోసి, గడ్డి పరిచి ఉంటుంది. సైలెన్సర్ మీద ఆయిల్ పడుతున్న బండిని అలాంటి గడ్డి మీద నిలిపితే అంటుకుంటుంది కాబట్టి ఆ లీకు ఆగేదాకా బండి తీయవద్దు. తిరిగొచ్చి చల్లారాక డిప్ స్టిక్ చూసి, అవే అతుకులను మళ్లీ టార్చితో చూడాలి. కార్క్ ప్యాకింగ్ వేసి ఉంటే ఈ మొదటి వేడి తర్వాత అది కొంచెం అణుగుతుంది కనుక బోల్టులను మాన్యువల్ అంకెకు ఒకసారి సరిచూడవచ్చు, రబ్బరుకు ఆ అవసరం లేదు. దించిన పాత ఆయిల్‌ను మోరీలో గానీ మట్టిలో గానీ పోయకుండా మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వాలి.