లండన్‌లో చౌక హోటల్ గది: తాళం చేతికొచ్చాక మొదటి అరగంట

లండన్‌లో చదువుకుంటున్న పిల్లల స్నాతకోత్సవానికి వెళ్లే తల్లిదండ్రులు చాలామంది పాడింగ్టన్, బేస్‌వాటర్, ఎర్ల్స్ కోర్ట్, కింగ్స్ క్రాస్ ప్రాంతాలలోని చిన్న హోటళ్లలో దిగుతారు. హీత్రూ విమానాశ్రయం నుంచి పాడింగ్టన్‌కు ఎలిజబెత్ లైన్, ఎర్ల్స్ కోర్ట్‌కూ కింగ్స్ క్రాస్‌కూ పికడిల్లీ లైన్ రైళ్లు నేరుగా వెళ్తాయి కనుక ఆ ఎంపికలో తప్పులేదు. అయితే ఫోటోలో చూసిన గదికీ, తలుపు తీయగానే కనిపించే గదికీ పొంతన కుదరకపోవడం కూడా అక్కడ తరచుగా జరుగుతుంది. నేను మా అమ్మగారితో వెళ్లినప్పుడు మాకు ఇచ్చినది నేలమట్టం కంటే కిందనున్న గది. కిటికీ ఎదుట గోడ తప్ప మరేమీ లేదు, మంచం వెనుక గోడకు చెమ్మ పట్టి ఉంది. ప్రయాణపు అలసటతో ఆ రాత్రి సర్దుకుని, ఉదయం వెళ్లి చెబితే, రాత్రే చెప్పి ఉంటే మార్చేవాళ్లమనీ ఇప్పుడు గదులన్నీ నిండిపోయాయనీ సమాధానం వచ్చింది. అమ్మ మిగిలిన మూడు రాత్రులూ దగ్గుతూనే గడిపింది. ఆ రోజు నాకు తెలియనివి మరొకరికి ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆ గదులు అంత ఇరుకుగా ఎందుకుంటాయో తెలిస్తే ఏమి అడగాలో కూడా తెలుస్తుంది. పాడింగ్టన్, బేస్‌వాటర్ ప్రాంతాలలోని హోటళ్లలో చాలావరకు పందొమ్మిదో శతాబ్దంలో సంపన్న కుటుంబాల కోసం వరుసగా కట్టిన ఇళ్లు. నేలమాళిగలో వంటశాల, పై అంతస్తులో పనివారి గదులు ఉండే ఆ ఇళ్లను తరువాతి కాలంలో అడ్డుగోడలతో విడదీసి, ప్రతి గదికీ ఒక మూల స్నానాలగది ఇరికించారు. అనేక భవనాలు వారసత్వ రక్షణ జాబితాలో ఉండడం వల్ల లిఫ్టు పెట్టడం సులభం కాదు. పైగా 1863లో పాడింగ్టన్ నుంచి ఫారింగ్‌డన్ వరకు మొదలైన ప్రపంచపు తొలి భూగర్భ రైలుమార్గాన్నీ, దాని వెంటనే ఆ చుట్టుపక్కల వేసిన తొలి మార్గాలనూ లోతుగా తొలచలేదు, వీధిని తవ్వి పైన కప్పు వేశారు. అందుచేత కింది గదులలో రైలు కదలిక మంచానికి తెలుస్తుంది.

కనుక బుక్ చేసే ముందే హోటల్‌కు ఒక ఈమెయిల్ రాయడం మంచిది. గది ఏ అంతస్తులో ఉంటుంది, లిఫ్టు ఉందా, కిటికీ తెరుచుకుంటుందా, స్నానాలగది గదిలోనే ఉందా లేక ఇతరులతో పంచుకోవాలా అన్నవి అడిగి, జవాబును దాచుకోవాలి. అక్కడ డబుల్ అంటే ఒకే వెడల్పాటి మంచం, ట్విన్ అంటే రెండు విడి మంచాలు. స్మాల్ డబుల్ అని రాసి ఉంటే వెడల్పు 120 సెంటీమీటర్లే ఉంటుంది కనుక ఇద్దరు పెద్దవాళ్లకు చాలదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ సంగతి దాచకుండా రాయాలి. మర్యాదకు పోయి చెప్పకపోతే నాలుగో అంతస్తు గది ఇచ్చినప్పుడు వాదించడానికి మాటే ఉండదు. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న ధర కొంచెం ఎక్కువైనా, మొదటిసారి వెళ్లేవారికి అదే మేలని నా అభిప్రాయం.

ఇక గదిలో అడుగుపెట్టిన తరువాత మొదటి అరగంట అన్నిటికంటే ముఖ్యం. పెట్టెలు తెరవకూడదు, మంచం మీద కూర్చోకూడదు. పెట్టెలను స్నానాలగదిలో గచ్చు మీద నిలబెట్టి, ముందుగా పరుపును పరీక్షించాలి. దుప్పటి తొలగించి, తలవైపు మూలలలో పరుపు కుట్ల వెంబడి, మంచం చట్రం సందులలో ఫోన్ వెలుతురుతో చూస్తే, నల్లులున్న చోట సిరాచుక్కల వంటి నల్లని మచ్చలు, ఎండిన పొట్టు కనిపిస్తాయి. నల్లి ఒక్కటి కనిపించినా పరుపు మార్పించుకుని అదే గదిలో ఉండడానికి ఒప్పుకోకూడదు. పక్కగది కూడా వద్దనాలి, ఎందుకంటే అవి గోడ పగుళ్ల గుండా పాకుతాయి. ఆ తరువాత వేడినీళ్లు వస్తున్నాయా, తలుపు లోపలినుంచి గడియ పడుతోందా, చలికాలమైతే గదిని వెచ్చబరిచే రేడియేటర్ వేడెక్కుతోందా అని చూసుకోవాలి. రేడియేటర్ పక్కన అంకెలున్న మర ఉంటుంది, దానిని పెద్ద అంకెకు తిప్పి కొంతసేపు ఆగితే తెలుస్తుంది. చివరగా అగ్నిప్రమాదం సంభవిస్తే బయటపడే దారి ఎటో, ఆ దారిలో సామాను అడ్డుగా ఉందో లేదో నడిచి చూడాలి. లోపం కనిపించిన ప్రతిచోటా ఫోటో తీయాలి.

లోపముంటే వెంటనే కిందికి వెళ్లి చెప్పాలి. మనవాళ్లు ఇక్కడ రెండు విధాలుగా నష్టపోతారు: పరాయి ఊరు కదా అని ఊరుకోవడం ఒకటి, ఒకేసారి కోపంగా పది లోపాలు ఏకరువు పెట్టడం మరొకటి. రిసెప్షన్‌లో ఉన్న వ్యక్తికి గది మార్చే అధికారం ఉంటుంది గాని, సొమ్ము వాపసు చేసే అధికారం సాధారణంగా మేనేజరుకే ఉంటుంది. అందువల్ల ముఖ్యమైన లోపం ఒకటి రెండు చెప్పి, ఫోటో చూపించి, మనకు కావలసినదేమిటో స్పష్టంగా అడగాలి: గోడకు చెమ్మ ఉంది, మా అమ్మగారికి ఆయాసం, పై అంతస్తులో పొడిగా ఉన్న గది ఈ రాత్రే కావాలి. కొత్త గదిని చూశాకే సామాను తరలించాలి. వెంటనే అదే సంగతిని సమయంతో సహా హోటల్‌కూ, బుక్ చేసిన సంస్థకూ ఈమెయిల్‌లో రాయాలి. నోటిమాటకు తరువాత సాక్ష్యం ఉండదు.

కొన్ని మాత్రం లోపాలు కావు, మనకు అలవాటు లేనివి. షవరు పనిచేయడం లేదని ఫిర్యాదు చేసే ముందు పైకప్పు నుంచి వేలాడే తాడును లాగి చూడాలి, విద్యుత్ షవరుకు అదే స్విచ్చు. ఎర్రతాడు ఉంటే దానిని ముట్టుకోకూడదు; అది సహాయం కోసం మోగించే గంట. అక్కడి ప్లగ్గులు దీర్ఘచతురస్రాకారపు కాళ్లవి కనుక అడాప్టర్ ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి, వోల్టేజీ 230 కాబట్టి మన చార్జర్లు పనిచేస్తాయి. గదిలో కరెంటు కుక్కరు పెట్టి పోపు వేస్తే పొగగంట మోగి భవనమంతా ఖాళీ చేయవలసి రావచ్చు. కెటిల్ వేడినీళ్లతో కలుపుకునే ఉప్మా పొడి, ఆవకాయ పొట్లం చాలు. టాయిలెట్‌లో నీళ్ల గొట్టం ఉండదు కనుక ఒక చిన్న మగ్గు పెట్టెలో పెట్టుకోవాలి.

గది మార్చకపోతే సొమ్ము సంగతి. 2015 నాటి బ్రిటన్ వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం సేవను తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో అందించాలి. అలా జరగనప్పుడు ధర తగ్గించమని అడిగే హక్కు ఉంటుంది. అక్కడే ఉంటున్న పిల్లలు బ్రిటన్ క్రెడిట్ కార్డుతో నేరుగా హోటల్‌కే చెల్లించి ఉంటే, ధర 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల లోపు ఉన్నప్పుడు, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు సంస్థను కూడా అడగవచ్చు. మన దేశపు కార్డుకు అది వర్తించదు. మన బ్యాంకులోనే ఆ చెల్లింపుపై అభ్యంతరం నమోదు చేయాలి, అప్పుడు ఆ ఫోటోలూ ఈమెయిళ్లే ఆధారం. నల్లులున్న గదిలో ఒక్క రాత్రి గడిపినా, ఇంటికి రాగానే పెట్టెను పడకగదిలోకి తేకుండా, బట్టలన్నిటినీ 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికించాలి.