మన ఇంటి చరిత్ర రాద్దాం – 5వ పాఠం: ఇంటి నిండా పిల్లలుంటే కథ ఎవరిది?

పాత కాగితాలను తేదీల వరుసలో పెట్టడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. చాలామందికి కలం ఆగిపోయేది ఆ తర్వాతే. ఎనిమిది మంది పిల్లల పేర్లు, పుట్టిన రోజులు, పెళ్లిళ్లు వరుసగా రాసుకుంటూ పోతే చదివేవాళ్లకు అది రేషన్ కార్డులా అనిపిస్తుంది. ఈ చిక్కు ఎలా విప్పుకోవాలో ఒక నిజమైన కుటుంబం మీద సాధన చేద్దాం.

ప్యాట్రిక్ బ్రీన్ ఐర్లాండులోని కార్లో ప్రాంతం రైతు. ముందు కెనడాకు, అక్కడి నుంచి అమెరికాలోని అయోవాకు వెళ్లాడు. 1846 ఏప్రిల్‌లో భార్య మార్గరెట్‌ను, ఏడుగురు పిల్లలను ఎడ్లబండ్లలో ఎక్కించుకుని కాలిఫోర్నియాకు బయలుదేరాడు. దారిలో, అక్కడికే వలస వెళ్తున్న డోనర్ బృందంతో కలిశారు. ఆ చలికాలం సియెరా నెవాడా కొండల్లో మంచు వాళ్లను కదలనివ్వలేదు. బృందంలోని 87 మందిలో దాదాపు సగం మంది చనిపోయారు. బ్రీన్ ఇంట్లో తొమ్మిది మందీ బతికారు.

ఇప్పుడు కాగితం తీయండి. ఎడమ పక్కన పేర్లు, పైన ముఖ్యమైన సంవత్సరాలు రాసి, ప్రతి గడిలో ఆ ఏడు ఆ మనిషి వయసు వేయండి. దీన్నే వయసుల పట్టిక అంటాను. 1846 గడిలో ఇలా వస్తుంది: జాన్ 14, ఎడ్వర్డ్ 13, చిన్న ప్యాట్రిక్ 9, సైమన్ 8, జేమ్స్ 5, పీటర్ 3, ఇసబెల్లా 1. తండ్రికి యాభై దాటాయి. పని చేయగల పిల్లలు ఎవరో, ఎత్తుకుని నడవాల్సిన పిల్లలు ఎందరో చూడగానే తెలిసిపోతుంది.

ఈ పట్టిక పక్కన పెట్టుకుని తండ్రి డైరీ చదవండి. ఉత్తరాలు రాసే కాగితాలు మడిచి, 1846 నవంబరు 20 నుంచి 1847 మార్చి 1 వరకు రాశాడు. ఎక్కువగా గాలి, మంచు, ఎండ సంగతులే. క్రిస్మస్ రోజున మాత్రం కట్టెలు తేవడం చాలా కష్టంగా ఉందని, జాన్, ఎడ్వర్డ్ తేవాల్సి వస్తోందని, తనకు చేతకావడం లేదని రాశాడు. మూత్రంలో రాళ్ల జబ్బుతో ఆయన మంచం పట్టిన రోజులవి.

ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంటి బరువు తండ్రి భుజం మీంచి పద్నాలుగేళ్ల కొడుకు మీదికి మారింది ఇక్కడే. మీరు వెతకాల్సింది ఇలాంటి వాక్యమే. అది దొరికితే మిగతా పేర్లు దాని చుట్టూ వచ్చి చేరతాయి.

పట్టికలో 1848 గడికి రండి. ఆ జనవరి 24న కాలిఫోర్నియాలోని కొలోమా దగ్గర బంగారం బయటపడింది. బ్రీన్ కుటుంబం అప్పటికి కాలిఫోర్నియాలోనే శాన్ హువాన్ బటిస్టా అనే ఊరికి చేరుతోంది. గనులకు వెళ్లింది తండ్రి కాదు, 16 ఏళ్ల జాన్. 12 వేల డాలర్ల విలువైన బంగారంతో తిరిగొచ్చాడని చెబుతారు. మెక్సికో సైన్యాధికారి జనరల్ హోసే కాస్ట్రో మట్టి ఇటుకల ఇంటిని ఆ డబ్బుతోనే కొన్నారు. దాన్నే సత్రంగా కూడా నడిపి, గనులకు వెళ్లే బాటసారులకు చోటిచ్చారు. ఆ ఇల్లు ఇప్పటికీ నిలబడే ఉంది. కట్టెలు మోసిన కొడుకే బంగారమూ తెచ్చాడని పట్టిక లేకపోతే మనకు ఇంత వెంటనే తట్టేది కాదు. మరో మాట: ‘12 వేలు’ లాంటి అంకెకు రసీదు దొరకనప్పుడు ‘అని చెబుతారు’ తప్పకుండా రాయాలి.

తల్లి సంగతి మరిచిపోవద్దు. డైరీ రాసింది భర్త కాబట్టి అందులో మార్గరెట్ అప్పుడప్పుడే కనిపిస్తుంది. అయితే మార్చిలో కొండ దిగేటప్పుడు మంచు గోతిలో చిక్కుకున్న రోజుల్లో పిల్లలను కాపాడుకున్నది ఆమే. తర్వాతి కాలంలో ఒక రచయిత్రికి ఆమె చెప్పుకోబట్టి మనకు తెలిసింది. అక్కడి నుంచి పిల్లల్ని వాళ్లను కాపాడడానికి వచ్చిన జాన్ స్టార్క్ అనే ఆయన కొంత దూరం మోసి దించి, మళ్లీ వెనక్కి వెళ్లి మిగతావాళ్లను మోస్తూ కిందికి తెచ్చాడు. అమ్మ, నాయనమ్మ నోటి మాట ఎక్కడైనా దొరుకుతుందేమో ముందు వెతకండి. మా ఇంట్లో తాతగారి పద్దుల పుస్తకం భద్రంగా ఉంది, నాయనమ్మ మాట ఒక్కటీ ఎవరూ రాసి పెట్టలేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

చివరి గడి 1935. చంకలో కొండ దాటిన ఇసబెల్లా ఆ ఏడు చనిపోయింది. డోనర్ బృందంలో ఆఖరిగా మిగిలింది ఆమే.

ఈ వారం పని: మీ ఇంట్లో ఒక పెద్ద కష్టం వచ్చిన ఏడాదికి వయసుల పట్టిక వేయండి. ఆ ఏడు బరువు ఎవరి మీద పడిందో ఒకే వాక్యంలో రాయండి. 6వ పాఠానికి ఆ వాక్యం దగ్గర ఉంచుకోండి, మొదటి పేరా దాంతోనే మొదలుపెడదాం.